సిబిల్‌లో పాత బాకీ, స్నేహితుడి లోన్‌కి హామీ సంతకం: ఈ జాబితాలో పేరు ఎలా చేరుతుంది, ఎలా పోతుంది?

ఫ్లెక్స్‌షాపు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు.

అన్నయ్యా నేనూ కలిసి ఫ్లెక్స్, వినైల్ ప్రింటింగ్ షాపు నడుపుతున్నాం, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. పాత మెషిన్ హెడ్లు పోయాయి, కొత్తది కొందామని మా కరెంట్ అకౌంట్ ఉన్న బ్యాంకులోనే 14 లక్షలకి లోన్ పెట్టాం. జీఎస్టీ రిటర్నులు, ఐటీ రిటర్నులు, స్టేట్‌మెంట్లు అడిగినవన్నీ ఇచ్చాం. మేనేజర్ గారు మొదట్లో చాలా బాగా మాట్లాడారు, పదిహేను రోజుల్లో అయిపోతుందన్నారు. మొన్న సోమవారం రమ్మని పిలిచి, మానిటర్ నా వైపు తిప్పి, నా సిబిల్ రిపోర్టులో (ఎవరు ఏ అప్పు ఎలా కట్టారో రాసి ఉండే రికార్డు) ఒక లైను మీద పెన్ను పెట్టి చూపించారు. "రిటెన్ ఆఫ్, 4,872" అని ఉంది. ఇది ఉన్నంతకాలం ఫైలు పై ఆఫీసుకి పంపినా వెనక్కొస్తుందండీ అన్నారు.

అది 2017లో ఉద్యోగం చేస్తున్నప్పుడు తీసుకున్న క్రెడిట్ కార్డు. 2018లో ఉద్యోగం మానేసినప్పుడు బాకీ మొత్తం కట్టి, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి క్లోజ్ చేయమన్నాను, సరే అన్నారు, కార్డు కత్తిరించి పారేశాను. ఆ తర్వాత ఆఫీసు వాళ్ళిచ్చిన నంబరు కూడా పోయింది. అంతే, ఇన్నేళ్ళలో నాకు ఒక్క ఉత్తరం రాలేదు.

దాని కింద ఇంకో లైను. స్నేహితుడు కారు లోన్ తీసుకున్నప్పుడు హామీ సంతకం పెట్టాను. దాని నెలల గళ్ళలో 000, 000, 031, 061, 092 అని పెరుగుతూ పోతున్నాయి. వాడు కట్టట్లేదని నాకు ఆ స్క్రీన్ మీదే తెలిసింది. స్కోరు 611.

నా డౌట్లు ఇవీ. అసలు ఈ జాబితా ఎవరి దగ్గరుంటుంది, ఆర్‌బీఐ దగ్గరా? కోర్టు ఏమీ చెప్పకుండా నన్ను ఎగవేతదారు అని ఎలా రాస్తారు? రైట్ ఆఫ్ అంటే బ్యాంకు వదిలేసినట్టే కదా, మరి వదిలేసిన బాకీ నా మీద ఎందుకుంది? ఎన్నేళ్ళకి పోతుంది? మా అన్నయ్య రికార్డు క్లీన్‌గా ఉంది, నా వల్ల ఆయనకీ ఫర్మ్‌కీ దెబ్బా? ఒకాయన 12,000 ఇస్తే వారంలో సిబిల్ నుంచి తీయించేస్తానంటున్నాడు, ఇవ్వమంటారా?

బ్యాంకులో34ఏళ్ళు

బాబూ, ముందు ఆ 12,000 ఎవరికీ ఇవ్వకు. ఎందుకో కింద చెప్తాను.

1983లో క్లర్కుగా చేరి చివరి పదేళ్ళు అప్పుల విభాగంలో ఉండి రిటైరయ్యాను. మా తొలి రోజుల్లో ఎవరైనా లోన్‌కి వస్తే, వాళ్ళకి ఇంకో బ్యాంకులో ఖాతా ఉందని తెలిస్తే, ఆ బ్యాంకుకి కాన్ఫిడెన్షియల్ ఒపీనియన్ కోసం ఉత్తరం రాసేవాళ్ళం. "ఖాతా సంతృప్తికరం" అని ఒక్క ముక్కలో జవాబొచ్చేది, ఒక్కోసారి అదీ వచ్చేది కాదు. ఒకే ఆస్తి మీద రెండు మూడు చోట్ల తీసుకున్నవాళ్ళు, ఒక చోట ఎగ్గొట్టి పక్క ఊళ్ళో మళ్ళీ తీసుకున్నవాళ్ళు మాకు తెలిసేది అప్పు మునిగాకే. 1994లో కోటి రూపాయలు దాటిన మొండి బాకీల వివరాలు ఆర్‌బీఐ సేకరించి బ్యాంకులకి పంచడం మొదలుపెట్టింది. మామూలు మనిషి రికార్డు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. 2000లో సిబిల్ పెట్టారు, 2004 నుంచి వ్యక్తుల వివరాలు వచ్చాయి, 2005లో దీనికంటూ ప్రత్యేక చట్టం వచ్చింది.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకి జవాబు: ఆర్‌బీఐ దగ్గర కాదు. ఆర్‌బీఐ లైసెన్సు ఇచ్చిన క్రెడిట్ సమాచార కంపెనీల దగ్గర. అవి నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఫోటోకాపీని అందరం జిరాక్స్ అన్నట్టు నాలుగింటినీ కలిపి సిబిల్ అనేస్తాం. అప్పులిచ్చే ప్రతి బ్యాంకూ, ఫైనాన్స్ కంపెనీ నాలుగింట్లోనూ సభ్యులుగా ఉండి నాలుగింటికీ లెక్క పంపాల్సిందే. ఇదివరకు నెలకోసారి పంపేవాళ్ళు, 2025 జనవరి 1 నుంచి పదిహేను రోజులకోసారి పంపడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒకటి బాగా అర్థం చేసుకో. ఇది ఎగవేతదారుల జాబితా కాదు, సమయానికి కట్టినవాళ్ళూ ఇందులోనే ఉంటారు, మీ అన్నయ్యా ఉంటాడు. నిన్ను ఎగవేతదారు అని ఎవరూ తీర్పు ఇవ్వలేదు. బ్యాంకు తన పుస్తకంలో ఏం రాసుకుందో అది పంపింది, కంపెనీ దాన్ని అలాగే అచ్చేసింది. బ్యాంకు రాసింది నిజమా కాదా అని సిబిల్ విచారించదు. అందుకే కోర్టు అక్కర్లేకుండా ఎక్కుతుంది, అందుకే తప్పులూ ఎక్కుతాయి, అందుకే దిద్దాల్సింది కూడా రాసినవాడే. నువ్వు సిబిల్‌కి ఎన్ని ఉత్తరాలు రాసినా వాళ్ళు దాన్ని ఆ బ్యాంకుకి పంపి "ఇది మార్చమంటారా" అని అడుగుతారు. బ్యాంకు ఊఁ అంటేనే మారుతుంది. ఆ 12,000 అడిగినాయన చేసేది కూడా నీ పేరు మీద అదే ఫిర్యాదు పెట్టడమే, అది నువ్వు ఫోన్‌లో పావుగంటలో ఉచితంగా పెట్టుకోవచ్చు. పైగా నీ పాన్, ఆధార్, ఓటీపీ అన్నీ వాడి చేతిలో పడతాయి.

రైట్ ఆఫ్ సంగతి. ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, రైట్ ఆఫ్ అంటే మాఫీ కాదు. 90 రోజులు దాటి కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, అంటే మొండి బాకీ. ఆ తర్వాత కొంతకాలానికి, ఇది రాదులే అనుకుని తన లాభంలోంచి అంత సొమ్ము పక్కన పెట్టి, ఆస్తుల పట్టికలోంచి ఆ అప్పుని తీసేస్తారు. అది బ్యాంకు తన లెక్కల కోసం చేసుకునే పని. నీ బాకీ నీ మీద అలాగే ఉంటుంది, వసూలు చేసే హక్కు వాళ్ళకి అలాగే ఉంటుంది. రిపోర్టులో ఉండే మాటల్లో లోన్ ఇచ్చేవాడికి అన్నిటికన్నా చేదుగా కనిపించేది ఇదే.

గళ్ళలో అంకెలు గడువు దాటిన రోజులు. 000 అంటే సమయానికి కట్టారు, 031 అంటే 31 రోజులు ఆలస్యం. 90 దాటి 092 పడింది కాబట్టి నీ స్నేహితుడి లోన్ ఇప్పటికే ఎన్‌పీఏ. గళ్ళు 36 నెలలవి కనిపిస్తాయి. కొత్తగా కడుతూ పోతే పాతవి ఒక చివర నుంచి జారిపోతుంటాయి. కానీ వివరాలు కనీసం ఏడేళ్ళు భద్రపరచాలని నిబంధన, కనీసం అని గుర్తుంచుకో, ఏడో ఏడు పూర్తయిన మర్నాడే మాయమవుతాయని కాదు.

నువ్వు చేయాల్సింది: ఏడాదికోసారి ప్రతి కంపెనీ నుంచీ పూర్తి రిపోర్టు ఉచితంగా వస్తుంది, 2017 నుంచి ఉన్న హక్కు ఇది. నాలుగూ తీసుకో. ఒక దాంట్లో దిద్దుబాటు జరిగి ఇంకో దాంట్లో జరక్కపోవడం నేను చూశాను. తర్వాత కార్డు బ్యాంకుని 2018 నుంచి స్టేట్‌మెంట్లు అడుగు. ఆ 4,872 ఎక్కడ పుట్టిందో తెలియకుండా రూపాయి కట్టొద్దు, కట్టనని కూడా అనొద్దు.

ఇరవైఎనిమిదొందలు

పై సార్ చెప్పింది అక్షరాలా నిజం, నేను అనుభవించాను కాబట్టి రాస్తున్నా.

నాది పర్సనల్ లోన్. ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి బ్యాంకుకి మార్చుకున్నాను, బ్యాంకు పాత బాకీ మొత్తం వాళ్ళకి కట్టేసింది, నో డ్యూస్ లెటర్ కూడా వచ్చింది. ఏడాది తర్వాత హోమ్ లోన్‌కి వెళ్తే పాత లోన్ ఇంకా నడుస్తున్నట్టే ఉంది, దాని మీద 11 నెలల వాయిదాలు ఎగ్గొట్టినట్టు ఉంది! ఇల్లు చూసుకుని అడ్వాన్స్ ఇచ్చేసి ఉన్నాం, ఇంట్లో ఎంత టెన్షనో చెప్పలేను. మా ఆవిడ రోజూ సాయంత్రం "ఏమైంది, ఏమైంది" అని అడిగేది, చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే సిబిల్‌ని అడగమన్నారు, అక్కడ అడిగితే మీ ఫైనాన్స్ కంపెనీనే అడగమన్నారు. ఇలా పది రోజులు పోయాయి. అప్పుడు మా ఆఫీసులో ఒకతను చెప్పాడు, ఫోన్లు ఆపి రాతపూర్వకంగా పెట్టు, ఫిర్యాదు నంబరు దాచుకో అని. 2024 ఏప్రిల్ 26 నుంచి ఒక రూల్ ఉంది. ఫిర్యాదు పెట్టిన 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. అందులో అప్పు ఇచ్చిన సంస్థకి 21 రోజులు గడువు. ఆ లోపు వాళ్ళు సరైన సమాచారం పంపకపోతే పరిహారం వాళ్ళు కట్టాలి, వాళ్ళు పంపినా సిబిల్ లాంటి కంపెనీ మార్చకపోతే అది కట్టాలి.

31వ రోజు పొద్దున్నే ఇద్దరికీ ఒకే ఈమెయిల్ పెట్టాను. ఫిర్యాదు నంబరు, తేదీ, నో డ్యూస్ లెటర్, బ్యాంకు కట్టిన ట్రాన్సాక్షన్ నంబరు, "ఈ రోజు నుంచి రోజుకి 100 లెక్కన పరిహారం" అని ఒక వాక్యం. 58వ రోజు దిద్దారు. 28 రోజులకి 2,800 నా ఖాతాలో పడింది. డబ్బు పెద్దది కాదు, ఆ ఇల్లు కూడా అప్పటికి వేరేవాళ్ళు కొనేశారు. కానీ ఆ లైను పోయింది, ఆరు నెలల తర్వాత ఇంకో ఇల్లు కొన్నాం.

30 రోజులైనా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) వెళ్ళొచ్చు. 2022 సెప్టెంబర్ నుంచి ఈ క్రెడిట్ సమాచార కంపెనీలు కూడా ఆయన పరిధిలోకి వచ్చాయి. ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

ఇంకో మాట. మీ ఇప్పటి మొబైల్ నంబరు, ఈమెయిల్ ప్రతి బ్యాంకులోనూ మార్పించండి. ఎవరైనా మీ రిపోర్టు తీస్తే మీకు మెసేజ్ రావాలి, మీ మీద బాకీ ఉందని బ్యాంకు పంపినప్పుడు కూడా మెసేజ్ రావాలి, ఇప్పుడు అది రూల్. కానీ పాత నంబరుకి వస్తే ఏం లాభం.

మూడేళ్ళులిమిటేషన్

బ్రదర్, 2018 బాకీ కదా. అప్పు వసూలుకి లిమిటేషన్, అంటే కోర్టులో దావా వేసే గడువు, మూడేళ్ళే. దాటిపోయింది. ఒక్క రూపాయి కట్టకండి, వాళ్ళు కోర్టుకి వెళ్ళలేరు. లాయర్ నోటీసు ఒకటి ఇవ్వండి, వాళ్ళే తీసేస్తారు.

బ్యాంకులో34ఏళ్ళు

పై మిత్రుడు చెప్పినదాంట్లో సగం సరైనదే, ఆ సగాన్ని నమ్ముకునే చాలామంది ఇరుక్కుంటారు. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం మూడేళ్ళు దాటితే దావా వేసే దారి మూసుకుపోతుంది, నిజమే. గడువు లోపల కొంత కట్టినా, బాకీ ఉన్నానని రాసిచ్చినా ఆ మూడేళ్ళు మళ్ళీ మొదటి నుంచి లెక్క. కానీ దావా పోయినంత మాత్రాన అప్పు పోదు, రిపోర్టులో లైనూ పోదు. కోర్టుకి వెళ్ళలేని బ్యాంకు ఆ లైనుని అలాగే ఉంచి ఊరుకుంటుంది. ఈ అబ్బాయికి కోర్టు గొడవ లేదు, మెషిన్ కావాలి. 4,872 కోసం 14 లక్షల లోన్ ఆగిపోయింది. లిమిటేషన్ పట్టుకుని కూర్చుంటే గెలిచి కూడా లోన్ లేకుండా మిగులుతాడు.

అలాగని భయపడి ఎంత అడిగితే అంత కట్టమనీ అనను. స్టేట్‌మెంటు వచ్చాక రెండే దారులు. నువ్వు క్లోజ్ చేయమన్న తర్వాత వేసిన ఛార్జీ అయితే, అది నీ బాకీయే కాదు, వెనక్కి తీసుకుని రిపోర్టులో లైను సరిచేయమని అడుగు, కట్టొద్దు. నిజంగానే నీ వాడకం తాలూకు మిగులు అయితే మొత్తం కట్టు. మధ్యలో వసూలు ఏజెంటు ఫోన్ చేసి "సార్ రెండున్నర వేలకి సెటిల్ చేసుకోండి" అంటాడు, దానికి మాత్రం ఒప్పుకోకు. తక్కువకి తెగ్గొట్టుకుంటే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది. తర్వాత ఫైలు చూసే ఆఫీసరుకి ఆ మాటకి అర్థం ఒక్కటే, వీడికిచ్చిన అప్పులో కొంత పోయింది అని. మొత్తం కడితే "క్లోజ్డ్", లేదంటే రైట్ ఆఫ్ తర్వాత పూర్తిగా కట్టి మూసినట్టు వస్తుంది. చిన్న బాకీల్లో రెండు వేలు మిగుల్చుకుని ఈ ఒక్క మాటతో ఏళ్ళ తరబడి బాధపడినవాళ్ళని నా కౌంటరు అవతల చాలామందిని చూశాను, వాళ్ళకి సెటిల్‌మెంట్ లెటర్ ఇచ్చిన రోజున ఈ తేడా ఎవరూ చెప్పలేదు, అది మా బ్యాంకులవాళ్ళ తప్పు.

హామీ సంతకం సంగతి కూడా గట్టిగానే చెప్పాలి. సాక్షి సంతకం లాంటిదనుకుని పెడతారు. కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. బ్యాంకు ముందు అతని మీద పడి, కారు అమ్మి, అప్పుడు నీ దగ్గరికి రావాలని లేదు. నేరుగా నిన్నే అడగొచ్చు. నీ రిపోర్టులో అది "గ్యారంటర్" అని పడుతుంది, అతను ఆలస్యం చేసిన రోజులన్నీ నీ గళ్ళలోనూ పడతాయి. ఇప్పుడు ఆ స్నేహితుడితో కూర్చుని మాట్లాడు, ఫోన్‌లో కాదు, ఎదురుగా. కట్టలేనంటే కారు అమ్మి లోన్ తీర్చే దారి చూడండి. నువ్వే కట్టాల్సివస్తే ప్రతి రసీదూ నీ పేరు మీద, నీ ఖాతా నుంచి ఉండాలి. కట్టింది అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు నీకుంది, మొత్తం తీర్చేస్తే బ్యాంకుకి ఆ కారు మీద ఉన్న హక్కు కూడా నీకే వస్తుంది.

ఆడిటర్‌ఆఫీస్

ఫర్మ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తా, మా ఆఫీసులో రోజూ చూసే పని ఇది.

సొంత పేరుతో నడిపే షాపు అయితే వ్యాపారానికీ మనిషికీ తేడా లేదు, ఒకే పాన్, ఒకే రిపోర్టు. పార్ట్‌నర్‌షిప్‌కి ఫర్మ్ పాన్ మీద కమర్షియల్ రిపోర్టు వేరుగా ఉంటుంది, చిన్న పరిశ్రమలకి 1 నుంచి 10 దాకా ర్యాంకు ఇస్తారు, అక్కడ 1 మంచిది. స్కోరులాగా ఎక్కువుంటే మంచిదనుకుని "సార్ మాకు 8 వచ్చింది" అని సంతోషంగా చెప్పినవాళ్ళున్నారు పాపం. ఫర్మ్ రిపోర్టు శుభ్రంగా ఉన్నా బ్యాంకు పార్ట్‌నర్లందరి సొంత రిపోర్టులూ తీస్తుంది, ఎందుకంటే ఫర్మ్ అప్పుకి ప్రతి పార్ట్‌నరూ పూర్తిగా బాధ్యుడు. కాబట్టి మీ కార్డు బాకీ మీ అన్నయ్య రిపోర్టులోకి ఎక్కదు, ఆయన స్కోరు తగ్గదు, కానీ ఫర్మ్ లోన్ ఆగుతుంది. రేపు ఫర్మ్ లోన్ కట్టకపోతే మాత్రం ఇద్దరికీ తగులుతుంది.

ఇంకొకటి, జనం కలిపేసుకునేది. "విల్‌ఫుల్ డిఫాల్టర్" అనేది ఇది కాదు. అది వేరే జాబితా, 25 లక్షలు ఆ పైన బాకీ ఉన్నవాళ్ళకి. కట్టే స్తోమత ఉండి కట్టకపోవడం, తీసుకున్న డబ్బు వేరే పనికి మళ్ళించడం, బయటికి తరలించడం, తాకట్టులో ఉన్న ఆస్తిని బ్యాంకుకి చెప్పకుండా అమ్మేయడం, ఇలాంటివి ఉంటేనే ఆ ముద్ర. దానికి మాత్రం పద్ధతి ఉంది. ముందు ఒక కమిటీ నోటీసు ఇవ్వాలి, జవాబుకి 21 రోజులు, దాని తర్వాత రివ్యూ కమిటీ. కమిటీ ఇచ్చిన ఆర్డరు కాపీ అప్పు తీసుకున్నవాళ్ళకి ఇచ్చి తీరాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కసారి ఆ ముద్ర పడితే కొత్త అప్పు పుట్టదు, పేరు తీసేశాక కూడా ఇంకో ఏడాది పుట్టదు, కొత్త వ్యాపారం పెట్టడానికైతే అయిదేళ్ళు. కోటి రూపాయలు, ఆ పైన బాకీతో కోర్టు దావాలో ఉన్నవాళ్ళ పేర్లు, విల్‌ఫుల్ డిఫాల్టర్ల పేర్లు ఈ క్రెడిట్ సమాచార కంపెనీల వెబ్‌సైట్లలో ఎవరైనా చూడొచ్చు, కంపెనీ అయితే డైరెక్టర్ల పేర్లతో సహా. మా క్లయింట్లకి నేనెప్పుడూ చెప్పేది, ఎవరికైనా పెద్ద మొత్తం సరుకు అప్పుగా ఇచ్చేముందు అక్కడ ఒకసారి పేరు వెతకండి అని. అయిదు నిమిషాల పని.

మామూలు రిపోర్టు మాత్రం అలా అందరికీ కనిపించదు. సభ్య సంస్థలు, చట్టం అనుమతించినవాళ్ళు మాత్రమే తీయగలరు. చుట్టాలు చూసేస్తారేమో అని భయపడక్కర్లేదు.

లీడ్స్‌నుంచి

పైన కొన్ని పేర్లు ఎవరైనా చూడొచ్చు, మామూలు రిపోర్టు చూడలేరు అన్నది చదివాక రాయాలనిపించింది. నేనుండేది ఇంగ్లండ్‌లో, ఇక్కడ రెండూ ఉన్నాయి. ఇండియాలో లాగే క్రెడిట్ కంపెనీల రిపోర్టులు ఒక పక్క, కోర్టు తీర్పుల రిజిస్టర్ ఇంకో పక్క. ఎవరైనా మన మీద బాకీకి కోర్టుకి వెళ్ళి గెలిస్తే ఆ తీర్పు ఆ రిజిస్టర్‌లో ఎక్కుతుంది, కొద్ది ఫీజు కడితే ఎవరైనా ఎవరి పేరైనా వెతుక్కోవచ్చు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కూడా. నెల రోజుల్లో మొత్తం కట్టేస్తే ఎంట్రీ పూర్తిగా తీసేస్తారు. నెల దాటి కడితే కట్టినట్టు గుర్తు పెడతారు కానీ ఆరేళ్ళు అక్కడే ఉంటుంది. కట్టకపోయినా ఆరేళ్ళకి పోతుంది.

నేను ఇల్లు మారినప్పుడు పాత అడ్రస్‌కి కోర్టు కాగితం వెళ్ళింది, నాకు అందలేదు, నేను రాలేదని నాకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చేశారు. ఒక జిమ్ మెంబర్‌షిప్ తాలూకు బాకీ. తీర్పు వచ్చిన పన్నెండో రోజున తెలిసింది కాబట్టి వెంటనే కట్టేశాను, ఎంట్రీ పోయింది. ఇంకో మూడు వారాలు ఆగి తెలిసి ఉంటే ఆరేళ్ళు ఉండేది.

మీ పోస్టు చదువుతుంటే నాకనిపించింది, ఇక్కడ కనీసం కోర్టు అనే మెట్టు ఉంది, తేదీలు స్పష్టంగా ఉన్నాయి, ఫలానా రోజుకి పోతుందని లెక్కపెట్టుకోవచ్చు. అక్కడ మీది ఊరందరికీ కనపడదు, అది నయం, కానీ ఏ రోజుకి పోతుందో ఎవరూ చెప్పలేరు. రెండింట్లో ఏది మేలో నాకు తేల్చుకోవడం కష్టంగా ఉంది. పాత అడ్రస్, పాత ఫోన్ నంబరు మాత్రం రెండు చోట్లా ఒకేలా ముంచింది.

ఫ్లెక్స్‌షాపు

అందరికీ చాలా చాలా థాంక్స్. అయిదు వారాలైంది, ఏమైందో అప్‌డేట్ ఇస్తున్నా.

నాలుగు రిపోర్టులూ తీశాను. మూడింట్లో కార్డు బాకీ 4,872, ఒక దాంట్లో 5,310! ఒకే కార్డు. స్టేట్‌మెంట్లు తెప్పించాను. 2018లో నేను కట్టిన తర్వాత బ్యాలెన్సు సున్నా అని స్పష్టంగా ఉంది. నాలుగు నెలల తర్వాత వార్షిక ఫీజు 590 వేశారు, దాని మీద లేట్ ఫీజు, దాని మీద వడ్డీ, దాని మీద జీఎస్టీ. 590 కాస్తా అలా 4,872 అయింది. నేను ఫోన్‌లో క్లోజ్ చేయమన్నదానికి రుజువు నా దగ్గర లేదనుకున్నాను, కానీ పాత ఈమెయిల్లో వెతికితే "మీ అభ్యర్థన అందింది" అని ఒక మెయిల్ దొరికింది, రిక్వెస్ట్ నంబరుతో. ఆ మెయిల్ చూసి ఎంత ఏడుపొచ్చిందో.

నాలుగు కంపెనీలకీ, కార్డు బ్యాంకుకీ ఒకే రోజు ఫిర్యాదు పెట్టాను. మధ్యలో సార్ చెప్పినట్టే ఒకాయన ఫోన్ చేసి 2,000 కట్టండి సెటిల్ చేసేద్దాం అన్నాడు. వద్దండీ, ఛార్జీలు తీసేసి ఉత్తరం ఇవ్వండి అన్నాను. 26వ రోజున బ్యాంకు నుంచి ఛార్జీలన్నీ వెనక్కి తీసుకున్నట్టు, ఖాతా క్లోజ్ అయినట్టు ఉత్తరం వచ్చింది. ఇప్పటికి మూడు రిపోర్టుల్లో మారింది. నాలుగోది 30 రోజులు దాటింది, రోజుకి 100 రూపాయల పరిహారం అడుగుతూ వాళ్ళకి నిన్న మెయిల్ పెట్టాను.

కారు లోన్ అంత తేలిక కాలేదు. వాడి ఇంటికి వెళ్ళాను. ఉద్యోగం పోయి ఆరు నెలలైందట, సిగ్గుపడి నాకు చెప్పలేదు. వాళ్ళమ్మగారు కాఫీ ఇచ్చి పక్కనే నిలబడ్డారు, ఆవిడ ముందు గట్టిగా మాట్లాడలేకపోయాను. ఇద్దరం కలిసి లోన్ ఇచ్చిన బ్రాంచికి వెళ్ళాం, కారు అమ్ముకోడానికి నెల టైమ్ ఇచ్చారు. పాత వాయిదాలు రెండు నేనే కట్టాను, నా ఖాతా నుంచే, రసీదులు పెట్టుకున్నాను. కారు చూడ్డానికి ఇప్పటికి ఇద్దరు వచ్చి వెళ్ళారు.

మేనేజర్ గారికి క్లోజర్ లెటర్ చూపించాను. గ్యారంటీ లైను కూడా తేలితే ఫైలు మళ్ళీ పెడదాం, రిపోర్టు కొత్తగా తీస్తాను అన్నారు. అన్నయ్య ఒక్క మాట అనలేదు, పాత మెషిన్‌కి సెకండ్ హ్యాండ్ హెడ్ ఒకటి వేయించి నడుపుతున్నాడు, ఎరుపు రంగు గీతలు గీతలుగా పడుతోంది.